గిసొంటిది ఇంకోటి

మా వదిన కడుపులోని బిడ్డ ఏడో నెలలో పోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక రెండు నెలలు మా ఇంట్లో ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తకపోవడమే మంచితనమని అందరం అనుకున్నాం. అమ్మ పొద్దున చాయ్ ఇస్తూ "మంచిగున్నవా బిడ్డా?" అని అడిగేది. అన్న దుకాణంలోకి దిగే ముందు ఒకసారి అడిగేవాడు. చూడడానికి వచ్చిన చుట్టాలూ అడిగేవారు. వదిన అందరికీ "మంచిగున్న" అనేది. అంతటితో మాట అయిపోయేది.

ప్రాణహిత ఒడ్డున, మరాఠీ రాష్ట్రం అంచునున్న సిరోంచలో మాది బట్టల దుకాణం. కింద దుకాణం, పైన ఇల్లు. నేను చంద్రపూర్ హాస్టల్లో ఉండి డిగ్రీ పూర్తిచేసి, పోటీ పరీక్షలకు చదువుతున్నానన్న పేరుతో ఇంటికి వచ్చి కూర్చున్నాను. పొద్దున కాసేపు దుకాణంలో చీరలు మడతపెట్టేదాన్ని. మిగతా సమయమంతా ఫోన్లో అనిమే చూడడం, మాంగా చదవడం. అనిమే అంటే జపాన్ వాళ్ళ బొమ్మల సీరియళ్ళు, మాంగా అంటే వాళ్ళ బొమ్మల పుస్తకాలు. హాస్టల్లో నా గదిలో ఉండే అమ్మాయి అంటించిన పిచ్చి ఇది. అమ్మకు మాత్రం రెండూ ఒకటే. "ఇంత పెద్దగైనవ్, ఇంక బొమ్మలేందే?" అనేది.

ఆ బొమ్మల లోకంలో నాకో చిన్న పేరుండేది. నేనున్న ఒక ఆన్‌లైన్ గ్రూపులో ఎవరైనా "ఇది చూశాను, చాలా నచ్చింది, ఇలాంటిదే ఇంకొకటి చెప్పండి" అని అడిగితే, చాలాసార్లు ముందు జవాబు నాదే. దానికోసం ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాను. ఏ కథలో అన్నదమ్ముల పంతం ఉంది, ఏ కథలో ఊరు వదిలిన దిగులు ఉంది, ఏ కథ ఎవరో చనిపోయాక మొదలవుతుంది, అన్నీ రాసుకునేదాన్ని. నేను చెప్పినవి చూసి కొందరు "ఏడ్చేశాను, థాంక్స్" అని రాసేవారు. ఎవరైనా ఏడ్చారంటే నేను సరైనదే చెప్పానని లెక్క. ఆ రోజుల్లో అలాగే అనుకునేదాన్ని.

ఒకరోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక ముందు గదిలో చాప మీద పడుకుని ఒక సీరియల్ చూస్తున్నాను. మంచు పడే ఒక కొండ ఊరు. అక్కడి రైల్వే హాల్ట్ పక్కన ఒక ఆడమనిషి చాయ్ దుకాణం నడుపుతుంటుంది. రోజుకు ఒక్కటే రైలు. కథ అంటూ పెద్దగా ఏమీ లేదు. వదిన వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. కాసేపటికి అడిగింది.

"గామె ఏం జేస్తుంది?"

"పండ్లు చెక్కు తీస్తుంది వదినా. ఎండబెట్టనీకి."

"ఎందుకు?"

"చలికాలంల తినేటందుకట."

"మల్ల?"

"మల్లేం లేదు. గంతే."

నేను చెవిలోంచి ఒక ఇయర్‌ఫోన్ తీసి ఇచ్చాను. భాష తెలియకపోయినా పెట్టుకుంది. వదిన జిమల్‌గట్ట పిల్ల, మరాఠీ మీడియంలో బారావి, అంటే పన్నెండో తరగతి దాకా చదివింది. హిందీ అక్షరాలు చకచకా చదువుతుంది. కింద హిందీలో మాటలు పడేలా మార్చాను. ఆ రోజు రెండు భాగాలు చూసింది. మరునాడు తనే వచ్చి కూర్చుంది. ఆ పండ్లు ఎన్ని రోజులకు ఎండుతాయని అడిగింది. అంత మంచులో కట్టెలు తడవకుండా ఎక్కడ పెడతారని అడిగింది. ఒకరోజు చూస్తూ చూస్తూ పక్కనున్న ఉల్లిగడ్డల బుట్ట లాక్కుని పొట్టు తీసింది. రెండు నెలల్లో ఆమె తనంతట తాను ఒక పని ముట్టుకోవడం నేను చూడడం అదే మొదలు.

పన్నెండు భాగాలూ అయిపోయిన రోజు ఫోను నా చేతికిస్తూ అడిగింది.

"గిసొంటిది ఇంకోటి ఉన్నదా?"

నా గుండె ఎగిరి గంతేసింది. వందమంది అడిగిన ప్రశ్నే, కానీ వాళ్ళెవరూ నా ఇంటి మనుషులు కారు.

ఆ సీరియల్ తొమ్మిదో భాగంలో ఒక చిన్న మాట వస్తుంది. చాయ్ దుకాణం ఆమెకు ఒకప్పుడు ఒక పాప ఉండేదని, జ్వరంతో పోయిందని ఎవరో ప్రయాణికుడు ఇంకొకరితో అంటాడు. అంతే, మళ్ళీ ఆ ప్రస్తావన రాదు. నేను ఆ మాటనే పట్టుకున్నాను. వదినకు ఈ కథ ఎందుకు పట్టిందో నాకు తెలిసిపోయిందనుకున్నాను. నోట్‌బుక్ తీసి, బిడ్డ పోయిన తల్లుల కథలు రాసుకున్న పేజీ తెరిచాను. అందులో అన్నిటికన్నా మంచిది ఎంచాను. చనిపోయిన కొడుక్కి ఏటా ఒక స్వెటర్ అల్లే తల్లి కథ అది. వాడు బతికి ఉంటే ఈ ఏడు ఇంత ఎత్తు ఉండేవాడని, ఏటా కొలత పెంచుతూ అల్లుతుంది. నేను దాన్ని చూసి మూడు రోజులు మనిషిని కాలేకపోయాను. గ్రూపులో ఎంతమందికి చెప్పానో.

"ఇది జూడు వదినా, మస్తుంటది" అన్నాను. అందులో ఏముందో చెప్పలేదు. ముందే చెప్తే రుచి పోతుందని మా గ్రూపులో ఒక నియమం.

ఆ మధ్యాహ్నం దుకాణంలో పెళ్ళి బట్టలకని ఒక కుటుంబం వచ్చింది. నన్ను కిందికి పిలిచారు. ఫోను వదినకే ఇచ్చి దిగాను. గంట తర్వాత పైనుంచి ఏదో పడిన చప్పుడైంది. అమ్మ గొంతు వినిపించింది. అన్నా నేనూ మెట్లెక్కి పరుగెత్తాం.

రెండు బీరువాలూ తెరిచి ఉన్నాయి. లోపలి బట్టలన్నీ నేలమీద ఉన్నాయి. మంచం కింది రేకుపెట్టె మధ్య గదిలో బోర్లా పడి ఉంది. వదిన దాని పక్కన నిలబడి ఉంది.

"నేను కుట్టిన గుడ్డలు యాడ వెట్టిన్రు?" అంటోంది. గొంతు పెద్దగా లేదు. "ఏడు జుబ్బాలు, ఒక టోపి. యాడ వెట్టిన్రు అత్తమ్మా?"

కడుపుతో ఉన్నప్పుడు మా దుకాణంలోని కట్‌పీసులతో వదిన చిన్న చిన్న జుబ్బాలు కుట్టుకుంది. పుట్టకముందే బట్టలు కుట్టొద్దని అమ్మ అప్పుడే అంది. వదిన నవ్వి ఊరుకుంది. ఆ బట్టలు ఏమయ్యాయో నాకు ఆ క్షణం దాకా తట్టనే లేదు. అన్నకూ తెలియదని వాడి మొహం చూస్తే అర్థమైంది.

అమ్మ గోడ పట్టుకుని నెమ్మదిగా కూర్చుంది.

"గంగల ఇడిసిన బిడ్డా" అంది. "నువ్వు దవాఖానలున్నప్పుడే. ఇంట్ల ఉంచద్దంటరు."

మా దగ్గర ప్రాణహితను కూడా గంగ అనే అంటారు. వదిన మా అమ్మ వైపు తిరిగింది. ఏడవలేదు. "నన్ను ఒక్కమాట అడుగుతే ఏమైతుండె?" అంది. తర్వాత తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

అన్న నేలమీద పడి ఉన్న నా ఫోను తీసి చూశాడు. తెర మీద స్వెటర్ అల్లుతున్న తల్లి అలాగే ఆగిపోయి ఉంది.

"నీకేమన్న సోయి ఉన్నదానే? ఆమెకు గివి చూపెడ్తవా?" అన్నాడు. "జర తేరుకుంటున్నదనుకుంటే మల్ల పరేషాన్ జేస్తివి."

నేను నేలమీది బట్టలు ఏరి మడతపెట్టాను. మూడో రోజు వదిన వాళ్ళ అన్న బండి మీద వచ్చి ఆమెను జిమల్‌గట్ట తీసుకుపోయాడు. వెళ్ళేటప్పుడు వదిన నాతోనూ అమ్మతోనూ మాట్లాడలేదు.

ఇల్లు పాడుబడినట్టయింది. అన్న నా వైపు చూసేవాడు కాదు. అమ్మ పూజ గదిలో ఎక్కువసేపు కూర్చునేది. గ్రూపులో ఎవరో "ఏడిపించేవి చెప్పండి" అని అడిగితే చూసి ఫోను పక్కన పెట్టేశాను. ఒకరోజు మాత్రం ఉండబట్టలేక, జవాబులు చెప్పే నేనే ఒక ప్రశ్న రాశాను. ఇంట్లో ఒకామె బిడ్డను పోగొట్టుకుంది, చాయ్ దుకాణం కథ నచ్చిందంది, స్వెటర్ కథ చూపిస్తే ఇలా జరిగింది, ఎక్కడ తప్పాను అని. చాలామంది ఇంకా కొన్ని పేర్లు రాశారు. అన్నీ బిడ్డ పోయిన కథలే. ఒక్కరు మాత్రం తిరిగి అడిగారు. "మొదటిది చూస్తున్నప్పుడు ఆమె ఏయే చోట్ల మాట్లాడింది?"

గుర్తు చేసుకున్నాను. పండ్ల గురించి మాట్లాడింది. కట్టెల గురించి, కెటిల్ మూత గురించి మాట్లాడింది. తొమ్మిదో భాగంలో ఏమందో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. అప్పుడు తట్టింది. ఆ భాగం మధ్యలో పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని అమ్మ కేకేసింది. వదిన లేచి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి ఆ మాట దాటిపోయింది. ఆ చాయ్ దుకాణం ఆమెకు ఒక బిడ్డ పోయిందని మా వదినకు అసలు తెలియనే తెలియదు.

ఆమెకు నచ్చిన కథ వేరు, నేను చూసిన కథ వేరు. నేను ఇలాంటిదే ఇంకొకటి అనుకుంటూ అసలు పోలికే లేనిదాన్ని ఆమె చేతిలో పెట్టాను.

మరునాడు అమ్మకు చెప్పి జిమల్‌గట్ట బస్సెక్కాను. దారిలో సగం గుంతలే. ఊరు చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. వదిన పుట్టింటి వెనక వసారాలో చింతపండు గింజలు తీస్తోంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. పీట జరిపింది. ఆమె తల్లి మంచినీళ్ళిచ్చి లోపలికి వెళ్ళింది.

"తప్పైంది వదినా" అన్నాను.

వదిన గింజలు తీయడం ఆపలేదు. "అవు, తప్పే" అంది. "దాంట్ల ఏమున్నదో నాకు చెప్పకపోతివి. నీకు ఎర్కనే గద. ఎర్కుండి ఇచ్చినవ్."

"నువ్వు ఏడిస్తే మనసు తేలికైతదనుకున్న."

"నేను ఏడుస్తలేనని నీకెవలు చెప్పిన్రు?"

నేను తల దించుకున్నాను. తీసిన గింజలు పక్కకు నెట్టి తనే మళ్ళీ మాట్లాడింది.

"గామెకు అల్లుకునేటందుకు ఊలన్న ఉన్నది. కొడుకు ఎంత పొడుగుంటుండెనో లెక్కేసుకుంటది. నాకు ఏమున్నదే? మొఖం గూడ మంచిగ చూడనియ్యలె. ఒక్క టోపి ఉంచినా సరిపోతుండె."

 నేనూ కొంచెం చింతపండు తీసుకుని గింజలు తీయడం మొదలుపెట్టాను. గింజలు తీస్తూనే అడిగాను.

"మొదటిది ఎందుకు నచ్చింది వదినా?"

"ఎందుకంటే?" అని ఆలోచించింది. "గా చాయ్ దుకాణపామెను ఎవ్వలు మంచిగున్నవా అని అడగరు. రైలు దిగుతరు, చాయ్ తాగుతరు, పోతరు. ఆమె పని ఆమె చేసుకుంటది. గంతసేపు నన్ను గూడ ఎవ్వలు అడగనట్టుండె."

నా నోట్‌బుక్‌లో దానికి పేజీ లేదు. కథలో ఏం జరిగిందో రాసుకున్నాను కానీ, చూసే మనిషి చుట్టూ ఏం జరుగుతోందో ఎప్పుడూ రాసుకోలేదు.

సాయంత్రం బస్సుకు బయల్దేరుతుంటే వదిన గుమ్మం దాకా వచ్చింది. "అత్తమ్మకు చెప్పు, నేను కోపంల లేనని" అంది. నేను చెప్పులేసుకునేలోపే మళ్ళీ అంది, "వద్దు, అట్ల చెప్పకు. కోపంలనే ఉన్న. వస్తనని చెప్పు."

తొలకరి పడ్డాక వచ్చింది. వచ్చిన రోజు రాత్రి భోజనాల దగ్గర అమ్మ తన మాట తనే ఎత్తింది. నాకన్నా ముందు అమ్మకూ ఒక బిడ్డ పుట్టి పోయిందట. నాయనమ్మ ఆ పాప బట్టలు ఇలాగే నీళ్ళలో వదిలిందట. "నాకప్పుడు ఎవ్వలు చెప్పలె, నేను గూడ అడగలె. గట్లనే చెయ్యాలెనేమో అనుకున్న" అంది అమ్మ. నాకు ఇరవై మూడేళ్ళు. అప్పటిదాకా ఆ సంగతి నాకు తెలియదు. వదిన మా అమ్మ కంచంలో అన్నం వడ్డించింది. వాళ్ళిద్దరి మధ్య ఇప్పటికీ పూర్తిగా సర్దుకోలేదు. పనులు కలిసి చేసుకుంటారు. మాటలు అవసరమున్నంతే.

గ్రూపులో ఇప్పటికీ ఉన్నాను. ఎవరైనా ఇలాంటిది ఇంకొకటి అని అడిగితే ముందు నేనే ఓ నాలుగు ప్రశ్నలు అడుగుతాను. అందులో ఏది నచ్చింది, ఎవరితో కలిసి చూశారు, ఏది చూడలేరు అని. కొందరు విసుక్కుంటారు. పేరు చెప్పమంటే పోలీసు విచారణ ఏంటి అని ఒకరు రాశారు. నా పేరు కూడా తగ్గిపోయింది.

వదిన కోసం మూడు వెతికాను. మొదటిది ఒక పాత పడవలు బాగుచేసే ముసలాయన కథ. "దీంట్ల అందరు మస్తు ముచ్చట్లు పెడుతున్నరు" అని రెండు భాగాలకే లేచింది. రెండోది ఒక కొండ మీది వాతావరణ కేంద్రంలో ఒంటరిగా పనిచేసే అమ్మాయి కథ. అది మొత్తం చూసింది. చూసినన్ని రోజులూ ఒడిలో ఏదో ఒక పని పెట్టుకుంది.

మూడోది మొన్నటిది. ఒక మాంగా. ఒక ఊళ్ళో ఇంటింటికీ తిరిగి గొడుగులు బాగుచేసే ఆమె కథ. అంతటా వాన. అచ్చం ఆమెకు నచ్చే తీరు. కానీ ఏడో అధ్యాయంలో ఒక ఇంట్లో ఉయ్యాల కనిపిస్తుంది. అది ఖాళీగా ఉంటుంది. ఎందుకో కథలో చెప్పరు. ఒక్క బొమ్మ, అంతే.

దుకాణంలో ఇద్దరం చీరలు మడతపెడుతుంటే చెప్పాను.

"ఒకటున్నది వదినా. మంచిగుంటది. కని మధ్యల ఒక దగ్గర ఉత్త ఉయ్యాల ఉంటది."

వదిన చేతిలోని చీర అంచులు కలిపి, ముడతలు సాపు చేసి, బల్ల మీద పెట్టింది.

"ఎన్నో పేజీల?"

చెప్పాను.

"దానికి ముందుదాక చదువుత" అంది. "మల్ల చూద్దాం."