మ్యాపు మీద తాళం గుర్తు

గత సోమవారం పొద్దున మా అత్తమ్మ చనిపోయింది. టీ పెట్టి తీసుకెళ్లేసరికి బాల్కనీ తలుపు పక్క కుర్చీలోనే తల వాల్చేసి ఉంది. అమీన్‌పూర్‌లో మాది నాలుగో అంతస్తు. లిఫ్టు పాడై ఏళ్లయింది. బాగు చేయించడానికి ఫ్లాట్ల వాళ్లు ఒక మాట మీదికి వస్తే కదా! మోకాళ్లు పనిచేయని మనిషి అప్పటి నుంచీ నేల మీద కాలు పెట్టలేదు. కుర్చీలో కూర్చోబెట్టి దించుతామని ఎంత బతిమాలినా, "నన్ను మోసేది ఒక్కసారే. అది ఇప్పుడు గాదు," అనేది. మొండి మనిషి. అన్నంత పనీ చేసింది.

కూరగాయల బండి వస్తే తాడు కట్టిన బుట్టను బాల్కనీలోంచి కిందికి దింపేది. బుట్టకొక గజ్జె. ముదిరిన బెండకాయలు పడ్డాయో, బుట్ట మళ్లీ కిందికి పోయేది. ఆ గజ్జె మోతలోనే బండి అతనికి తిట్లు వినిపించేవట.

నేను ఇంటి నుంచే పనిచేస్తాను. పటాన్‌చెరు చుట్టుపక్కల కూలీల గదులకు అన్నం పంపే ఒక స్వచ్ఛంద సంస్థకు మ్యాపులు చేసిపెడతాను. ఆకలి ఉన్నచోట ఎర్ర చుక్క పెడతాం, అన్నం బండి చేరగానే అది పచ్చబడుతుంది. అత్తమ్మకు ఆ పచ్చదనం మీద నమ్మకం లేదు. "బండి తిన్నదా, మనుషులు తిన్నరా?" అని నా ఫోన్ లాక్కుని అక్కడివాళ్లకే చేసేది. సంగారెడ్డిలో పెరిగింది కదా, ఉర్దూ మాటలు నోట్లోనే ఉండేవి. "ఖానా ఖాయే?" అని, అన్నం తిన్నారా అని అడిగాకే ఏ పలకరింపైనా.

ఈ ఎండాకాలం గుమ్మడిదల వైపు మూతపడిన ఒక ఫ్యాక్టరీ షెడ్లలో ఒడిశా కుటుంబాలు చిక్కుకుపోయాయి. వాళ్లను పనికి తెచ్చిన కాంట్రాక్టరు, తాను వచ్చేదాకా ఎవరినీ వదలొద్దని కాపలావాడికి చెప్పి, గేటుకు తాళం వేయించి పోయాడు. మా బండి గేటు దాకా వెళ్లి, లోపలికి పోనివ్వక తిరిగొచ్చింది. మ్యాపులో మాత్రం చుక్క పచ్చగా ఉంది. అత్తమ్మ ఫోన్ చేస్తే, పిల్లలు ఏడ్చి ఏడ్చి పడుకున్నారని లోపలున్న ఒకామె చెప్పింది. పోలీసులకు చెబుదామంటే వద్దు, కాంట్రాక్టరు పగబడతాడని బతిమాలింది. అత్తమ్మ, షెడ్లకు వెనక గోడ ఉందా అని అడిగింది. ఉందట.

"నాకు బెండకాయలు ఎట్లొస్తున్నయే? గట్లనే," అంది నా వైపు తిరిగి.

చుక్కను గేటు దగ్గర నుంచి వెనక గోడకు జరిపాను. వెనకవైపు మట్టి బాట పట్టుకుని మావాళ్లు అక్కడికి చేరారు. తాడూ బుట్టా సాయంతో అన్నం గోడ దాటింది.

నేను సంబరపడ్డాను. అత్తమ్మ పడలేదు. రోజులు గడుస్తున్నా అన్నం పోతూనే ఉంది, తాళం వేసే ఉంది, సంస్థలో ఎవరూ దాని ఊసెత్తడం లేదు. ఒక మధ్యాహ్నం కంచం పక్కకు నెట్టి, "కడుపు నిండితే తాళం కనవడదు బిడ్డా. నీ చుక్క పక్కన తాళం గూడ పెట్టు," అంది.

పెట్టాను. ఫిర్యాదుకు ఆ ఒడిశా ఆమెను ఒప్పించింది కూడా అత్తమ్మే. తాను కూడా నాలుగో అంతస్తులో ఖైదీనేనని, భయపడి కూర్చుంటే తలుపు తెరుచుకోదని చెప్పిందట. సంస్థవాళ్లు ఆ మ్యాపు పట్టుకుని సంగారెడ్డి ఆఫీసుల చుట్టూ తిరిగారు. చివరికి అధికారులు వచ్చి గేటు తీయించారు. ఆ రోజు తాళం గుర్తును అత్తమ్మే వేలితో నొక్కి తీసేసింది. తర్వాత మన ఇంటి మీద ఒకటి పెట్టమని నవ్వింది. నేనూ నవ్వుతూనే పెట్టాను.

ఒడిశా ఆమెకు ఇస్నాపూర్‌లో వేరే పని దొరికింది. అయినా ఫోన్ చేయడం మానలేదు. ఇటు నుంచి "ఖానా ఖాయే?" అంటే, అటు నుంచి "మాజీ, బాహర్ నిక్లీ?" బయటికి వచ్చావా అమ్మా, అని. రేపు వస్తలే అని అత్తమ్మ ప్రతిసారీ అబద్ధమాడేది. వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోనే లేదు. అలాంటి మనిషితో ఒకే ఇంట్లో బతికినందుకు నాకు గర్వంగా ఉంది, ఏడుపూ వస్తోంది.

నిన్న ఫోన్ మోగింది. బాల్కనీలో ఎత్తాను. కింద కూరగాయల బండి అతను అలవాటుగా తలెత్తి చూసి, పిలవకుండానే ముందుకు వెళ్లిపోయాడు. ఫోన్‌లో అదే ప్రశ్న, మాజీ బయటికి వచ్చిందా అని.

"వచ్చింది," అన్నాను.

గాలికి ఖాళీ బుట్ట కొంచెం ఊగింది. గజ్జె మోగింది.