పిజ్జా ముందు ప్రార్థన

బల్ల దగ్గర నాన్న, చెల్లి, నేను. బల్ల మీద మూడు ప్లేట్లు, మూడు గ్లాసుల నీళ్ళు, కారం పొట్లాలు, మధ్యలో పెద్ద పిజ్జా. కాస్త దూరంలో వడ్డించే అమ్మాయి. గోడకి ఏసీ, ఇరవై రెండు మీద.

చెల్లికి టీచరు ఉద్యోగం వచ్చింది. ఆ సంతోషంలో ప్రత్తిపాడు నుంచి మమ్మల్ని గుంటూరులో పిజ్జా షాపుకి తీసుకొచ్చింది. వడ్డించే అమ్మాయి నాన్నని చల్లగాలి తగలని వైపు కూర్చోబెట్టింది. ఆయన ఫోర్కు వంక బెదురుగా చూడగానే దాన్ని తీసేసి, "చేత్తోనే బాగుంటదండి" అంది.

"ఏందమ్మా ఇది, రొట్టె మీద టమాటా పచ్చడి ఆరబోశారా?" అన్నాడు నాన్న.

"మిరపకాయలు ఆరబోసేవాళ్ళ కళ్ళకి అట్టాగే కనపడతదిలే," అంది చెల్లి.

నవ్వుకున్నాం. తర్వాత ముగ్గురం కళ్ళు మూసుకున్నాం.

ప్రార్థన చెయ్యనిదే మా ఇంట్లో ముద్ద ముట్టరు. ఒంటరిగా తింటే మనసులో అనుకుంటే చాలు. కలిసి కూర్చుంటే మాత్రం ఒకరు పైకి చెప్పాలి. చెప్పేది అమ్మ. మిరప కోతలప్పుడు అమ్మ పోయింది. నాన్న చేలో, నేను సబ్‌స్టేషన్ షిఫ్టుల్లో, ఆ తర్వాత ఎవరి కంచం వారిదైపోయింది. అమ్మ పోయాక ముగ్గురం కలిసి తినడం ఇదే మొదలని కళ్ళు మూసుకున్నాకే తెలిసింది.

ఏసీ మోత తప్ప ఏమీ వినపడలేదు. నేను కళ్ళు తెరిచాను. వాళ్ళిద్దరూ ఇంకా వింటున్నట్టే ఉన్నారు. తర్వాత వాళ్ళూ తెరిచారు. ఎవరి చెయ్యీ పిజ్జా వైపు వెళ్ళలేదు.

"ఇంకెవరైనా రావాలాండీ?" అని ఆ అమ్మాయి మెల్లగా అడిగింది.

లేదనే మాట మా ముగ్గురిలో ఎవరి నోటా రాలేదు.

"చల్లారిందండి, వేడి చేసి తెస్తా," అని తీసుకెళ్ళింది. తెచ్చింది. మళ్ళీ చల్లారింది. విసుక్కోకుండా మళ్ళీ తీసుకెళ్ళి తెచ్చింది.

"నువ్వు చెయ్యి నాన్నా," అంది చెల్లి.

"నాకేం వచ్చమ్మా? మీ అమ్మ చేసేది ఒక్కటే తెలుసు."

"అదే చెయ్యి."

నాన్న మొదలుపెట్టాడు. అమ్మ సాగదీసే చోట సాగదీస్తూ, ఆమె ఊపిరి తీసుకునే చోట తీసుకుంటూ.

"తండ్రీ, ఈ ఆహారం కోసం స్తోత్రం. వండిన చేతుల్ని దీవించు. నా బిడ్డలిద్దర్నీ నీ రెక్కల కింద దాచు. ఎండలో తిరిగే మా ఆయన్ని చల్లగా చూడు..."

అక్కడ ఆగిపోయాడు. అమ్మ అక్కడ ఆగేది కాదు. చెల్లి ఆయన చెయ్యి పట్టుకుంది. ఆమెన్ నేనన్నాను.

పిజ్జా అంచులు అట్టలా బిగిసిపోయాయి. చీజ్ రబ్బరులా సాగింది. సాసు తీపి, ఉప్పూ కారం తగల్లేదు. నాన్న మెల్లగా నమిలాడు. ఆ అమ్మాయి ఆయన వేళ్ళు తుడుచుకోవడానికి తడి గుడ్డ తెచ్చిచ్చి, మిగిలింది పెట్టెలో సర్దింది.

తిన్నవి ఐదు ముక్కలు. మిగిలినవి మూడు.