కాదన్న కాగితం

ఇరవై ఏడేళ్లు పార్లమెంటు పై సభ వాకిట బంట్రోతుగా నిలబడిన రమోహపి, "మనవాళ్లు కాదంటే ఆ కాగితం ఏమవుతుంది?" అని ఒక్కసారైనా ఎవరినీ ఎందుకు అడగలేదు? ఆయన్ని దగ్గర నుంచి చూసినవాళ్లకు కూడా దీనికి ఇప్పటికీ జవాబు తెలియదు. భయస్తుడు కాదు. చదువు రానివాడూ కాదు, బైబిలు మొత్తం రెండుసార్లు చదివాడు. అడగాల్సింది ఒకటుందని బహుశా ఆయనకు తోచనే లేదు.

ఆయన పుట్టింది కొండల్లో, మొరేనా అని పిలిచే వంశపారంపర్య దొర ఏలుబడిలోని ఊళ్లో. అక్కడ ఊరంతా కూడినప్పుడు ఎవరైనా ఎంతసేపైనా మాట్లాడొచ్చు. మొరేనాని మొహమ్మీదే నిలదీయొచ్చు. మొరేనా మాత్రం అందరిదీ అయ్యాక, ఆఖర్న నోరు విప్పుతాడు. ఆ ఆఖరి మాటే తీర్పు. రాజధాని మసేరులోనూ రమోహపి కళ్లకు అదే కనబడింది. ఓట్లతో గెలిచినవాళ్లు కింది సభలో వారాల తరబడి కేకలేసుకుంటారు. తర్వాత బిల్లు మొరేనాలు కూర్చునే పై సభకు వస్తుంది. ఆఖర్న మాట్లాడేది వీళ్లే. ఇంక వేరే చెప్పాలా?

ఆ ఏడాది వచ్చిన బిల్లు పొలాల గురించి. మొరేనా నోటిమాట మీద దక్కిన పొలమైతే గడువులోగా ఊళ్లో ఓట్లతో ఏర్పడ్డ స్థానిక మండలి దగ్గర పేరు రాయించుకోవాలి. రాయించుకోకపోతే మండలి దాన్ని మరొకరికి ఇచ్చేయొచ్చు. రమోహపి చెల్లెలు మాలెబూసాకి భర్త పోయాడు. ఏటి ఒడ్డున ఉన్న జొన్నచేనే ఆమెకు తిండి. దానికి ఆధారం, పాతికేళ్ల కిందట మొరేనా అన్న ఒక్క మాట.

పై సభ బిల్లును తోసిపుచ్చిన నెలకి ఆమె ఊరి నుంచి వచ్చింది.

"అన్నా, చట్టం రాగానే పేరు రాయించుకోవాలట. పక్కచేను వాళ్లు నన్నూ రమ్మంటున్నారు."

"వాళ్లకి పనీపాటా లేదే! మన మొరేనాలు ఆ కాగితాన్ని విసిరికొట్టారు. నా చెవులతో విన్నాను."

"మండలి వాళ్లు మరోలా చెబుతున్నారు మరి."

"మండలి! మొన్నటిదాకా ముక్కు చీదుకోవడం రాని పిల్లకాయలు. వాళ్ల మాట విని పరిగెత్తుతావా? పోయి చేలో పిట్టల్ని తోలుకో, పో."

"నువ్వంటే అంతేలే," అని ఆమె నవ్వింది. "చిన్నప్పుడు పశువుల్ని పోగొట్టుకొచ్చినా ఇంత ధీమాగానే చెప్పేవాడివి." నవ్విందే గాని, నమ్మింది. ఊరికి వెళ్లిపోయింది.

జులై ఆఖరి గురువారం పొద్దున, కింది సభలో గుమాస్తాగా చేసే లింఫో అచ్చైన చట్టాల కట్ట తెచ్చింది. అందుకున్నట్టు సంతకం పెట్టబోతూ రమోహపి పై కాగితం చూశాడు. పొలాల చట్టం.

"అమ్మాయ్, ఇది పొరపాటున అచ్చేశారు. చచ్చిన బిల్లు ఇది."

"చావడమేంటి న్టాటే?" అంది లింఫో, తండ్రి వయసువాళ్లను పిలిచే మాటతో. "రాజుగారు సంతకం పెట్టి రెండు నెలలైంది."

"మావాళ్లు కాదన్నారు!"

"అన్నారు. కొన్నాళ్లు ఆగి కింది సభ దాన్ని నేరుగా రాజుగారికి పంపింది. రాజ్యాంగంలోనే ఉంది కదా. మీవాళ్లు ఆలస్యం చేయగలరు, మార్చమని చెప్పగలరు. వినడం వినకపోవడం మావాళ్లిష్టం." ఆమె నవ్వబోయింది. "ఇన్నేళ్లుగా ఇక్కడుండి నన్ను ఆటపట్టిస్తున్నారా?"

రమోహపి సంతకం పెట్టకుండానే కలం కింద పెట్టాడు. లింఫో నవ్వు సగంలో ఆగిపోయింది.

"పేర్లు రాయించుకోవడానికి ఎప్పటిదాకా?"

"రేపు సాయంత్రం దాకా. మీవాళ్లెవరైనా ఉంటే ఫోన్ చేయండి."

"ఆ లోయలో ఫోన్ పలకదు."

"అయితే ఒంటిగంట బస్సుకి వెళ్లండి. రేపు మధ్యాహ్నానికి చేరతారు. తర్వాతి బస్సు సోమవారమే."

పదకొండింటి టీ వేళకి రమోహపి ఊరి మొరేనా భుజాల మీద కప్పుకున్న దుప్పటి సర్దుకుంటూ సభలోంచి బయటికొచ్చాడు. రమోహపి టోపీ తీసి ఎదురు నిలబడ్డాడు.

"మొరేనా, పొలాల బిల్లు చట్టమైందా?"

"అయింది."

"మీరు కాదన్నారు కదా!"

"కాదనడం వరకే మా చేతిలో ఉంది రమోహపీ. ఆపడం లేదు. ఎప్పుడూ లేదు." వాన పడలేదన్నంత మామూలుగా అన్నాడు.

"మీకు... ముందే తెలుసా?"

"తెలియకుండా ఆ కుర్చీలో కూర్చుంటానా? నీకు తెలియదా ఏంటి?"

ఇన్నేళ్లూ ఆ మాట చుట్టూరానే తిరుగుతూ ఉంది. రమోహపి ఒక్కడి చెవినే పడలేదు.

"మా చెల్లెలు పేరు రాయించుకోలేదు మొరేనా. వద్దన్నది నేనే."

"సభ ముగిశాక రా, ఆలోచిద్దాం. అదిగో, గంట కొడుతున్నారు," అని మొరేనా లోపలికి వెళ్లాడు. ఆనాడు సభ ముగిసేది నాలుగింటికి.

రమోహపి వంశంలో సెలవు తీసుకోకుండా మొరేనా దగ్గర నుంచి కదిలినవాడు లేడు. భార్య పురిటినొప్పులు పడుతోందని కబురొచ్చిన రోజున కూడా ఆయన తండ్రి ఊరి సభ ముగిసేదాకా నిలబడి, సెలవడిగే ఇంటికి పోయాడు.

లోపల మొరేనా మాట్లాడటం మొదలుపెట్టాడు. నిదానమైన, అలవాటైన గొంతు. రమోహపి కొంచెంసేపు విన్నాడు. అందులో ఒక్క మాటా బుర్రకెక్కలేదు. "సెలవు మొరేనా" అన్న మాట నోటిదాకా వచ్చినా అనలేదు.

"న్టాటే, సంతకం పెట్టలేదు!" అని లింఫో వెనక నుంచి పిలిచింది.

ఆయన అప్పటికే మెట్లు దిగి, బస్టాండు వైపు పరుగులాంటి నడకతో పోతున్నాడు.