ఆటో వెనక వదిన పేరు

మా గద్వాలలో ఆటోల వెనక ‘అమ్మ దీవెన’ అని అంటించుకోవడం ఆనవాయితీ. మా అన్న తన ఆటోకు వదిన పేరు అంటించాడు. దాంతో మా అమ్మకు బస్సుల మీద ప్రేమ పుట్టింది, చాలాకాలం ఆ ఆటో ఎక్కలేదు.

అన్న చనిపోయిన ఏడాదికి వదిన ఆ ఆటోను అమ్మకానికి పెట్టింది. కొనడానికి వచ్చిన వనపర్తి ఆయనకు బండి నచ్చింది.

“ఆ పేరు మాత్రం తీసెయ్యాలె. ఇంకో ఆడామె పేరు ఏసుకొని తిరిగితే మా ఇంట్ల నాకు బువ్వ పుట్టదు” అన్నాడు.

ఆ పని నేను నెత్తికెత్తుకున్నాను. చాకు తెస్తే వదిన లాక్కుంది.

“రంగు మీద గీత పడితే మీ అన్న ఊకుంటుండెనా?”

ఊరుకునేవాడు కాదు, నిజమే.

వేడినీళ్లలో ముంచిన గుడ్డ అద్ది స్టిక్కర్‌ను మెత్తబరిచాం. వదిన తన మగ్గం దగ్గరి పట్టుపోగులు పేనుకొచ్చింది. చెరో కొస పట్టుకుని అక్షరాల కిందుగా రంపంలా ఆడించాం. ఒక్కో అక్షరమే లేచి వచ్చింది. మిగిలిన జిగురును కొబ్బరినూనెతో తుడిచాం. ఒక్క గీత కూడా పడలేదు.

పడినా బాగుండేదేమో. చుట్టూ ఉన్న పసుపు రంగు ఎండకు వెలిసిపోయింది, స్టిక్కర్ కింది రంగు మాత్రం కొత్తగానే ఉంది. వదిన పేరు మునుపటికంటే స్పష్టంగా కనబడుతోంది.

సాయంత్రం వనపర్తి ఆయన వచ్చి చూసి తల గోక్కున్నాడు.

“ఏందమ్మా, ఇంకా కనవడ్తుంది గదా?”

వదిన కొంగుతో మరోసారి తుడిచి, తాళంచెవి ఆయన చేతిలో పెట్టింది.

“ఎండల తిప్పుతుండు అన్నా. అది గూడ పోతది.”