ఏసేపన్నకు జరగనివి

మా ఏసేపన్నకు తన సంవత్సరం ఏదో, పరాయివాళ్ల సంవత్సరం ఏదో తెలియదు. ఇళ్లలో నాపబండలు పరిచే మేస్త్రి ఆయన. గోరంత తేడా వచ్చినా పరిచిన బండను పెరికేస్తాడు. అంత నిక్కచ్చి మనిషి, గడిచిన యేడు తనకేం జరిగిందో చెప్పమంటే మాత్రం ఇంకెవరికో జరిగింది చెబుతాడు.

కర్నూలు పక్కన కల్లూరులో మాది చిన్న సంఘం. డిసెంబరు చివరి ఆదివారం ఆరాధన అయ్యాక ఒక్కొక్కరూ లేచి గడిచిన యేటి గురించి సాక్ష్యం చెప్పాలి, వచ్చే యేటికి ఒక తీర్మానం చేసుకోవాలి. అవన్నీ పుస్తకంలోకి ఎక్కించేది నేను. పేరు యేసుప్రసాద్, సంఘ కార్యదర్శిని. నావి ముత్యాల్లాంటి అక్షరాలని అందరూ అంటారు. ఆ ముత్యాలన్నీ ఏసేపన్న పేరు దగ్గరికి వచ్చేసరికి చెల్లాచెదురయ్యేవి.

ఒక యేడు ఆయన లేచి, "ఈ యేడు నా ఎనుము సచ్చిపాయ. దినమంతా ఏడ్చినా" అన్నాడు. ఆయన ఇంట్లో గేదె ఏనాడూ లేదు. ఆడవాళ్ల వైపు నుంచి ఆయన భార్య కృపమణక్క లేచింది.

"మనకు ఎనుము యాడుండాది?"

"సచ్చిపాయ గదా, ఇంక యాడుంటాది?"

నేను కలం పట్టుకుని బిక్కమొహం వేశాను. సంఘంలో ఒకాయన జాలిపడి పెయ్యదూడను తోలుకొచ్చాడు. "మా ఇంట్లో చోటు లేదప్పా" అని ఏసేపన్న దాన్ని పక్కింటి ఓబుళేశు కొట్టంలో కట్టించాడు. అది అక్కడే పెరిగింది, అక్కడే ఈనింది. ఆ పాలు ఓబుళేశు పిల్లలు తాగుతుంటే ఏసేపన్న తన ఇంటి అరుగు మీద కూర్చుని చూసేవాడు. ఇంతకీ అది ఎవరి గేదో నాకు అంతుబట్టలేదు.

ఇంకో యేడు మరీ ఘోరం. నలుగురిలో నిలబడి, "ఈ యేడు నాకు గర్భసంచి తీసేసినారు. దేవుడే కాపాడినాడు" అన్నాడు.

మందిరమంతా గొల్లున నవ్వింది. పాస్టరయ్యగారు బైబిలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. నాకు ఒళ్లు మండింది.

"ఏసేపన్నా, ఇదేమని రాయమంటావు?"

"ఉండేది రాసుకో అప్పా. మూణ్ణెల్లు బరువు ఎత్తగూడదన్యారు. అదీ రాసుకో."

మర్నాడు ఆడవాళ్లు వేళాకోళానికి పథ్యం వండి ఆయన ఇంటికి పట్టుకెళ్లారు. "నాకు సయించదు, మీ చివరి వరసలో కూచునే హంపమ్మకు ఇచ్చి రాండి" అన్నాడట. వెళ్లినవాళ్లు ఎందుకో వంతులు వేసుకుని మూడు నెలలు ఆమెకు నీళ్లు మోశారు. ఎందుకని అడిగితే, "నీకెందుకప్పా, నువ్వు రాసుకో" అన్నారు.

"వచ్చే యేడన్నా కాగితం మీద రాసుకుని రా అన్నా" అని నేను విసుక్కునేవాణ్ని. "అట్లే అప్పా, మతిమరుపు శానా ఐతాంది" అనేవాడు.

మొన్నటి డిసెంబరుకు నా పరిస్థితే బాగాలేదు. నేను గుమాస్తాగా చేసే ప్రైవేటు బడి దసరా సెలవుల తర్వాత మళ్లీ తెరవలేదు. ఇంట్లో చెప్పడానికి నోరు రాలేదు. జీతం ఆలస్యమని బొంకుతూ, నా భార్య నిస్సీ కట్టిచ్చే క్యారియరు పట్టుకుని రోజూ షేర్ ఆటోలో బస్టాండుకు పోయి, సాయంత్రం దాకా కూర్చుని వచ్చేవాణ్ని. ఒకరోజు ఏసేపన్న కంటపడ్డాను. "ఎవరికోసమో చూస్తున్నా" అన్నాను. ఆయన ఏమీ అడక్కుండా పక్కన కూర్చుని, నా క్యారియరులో సగం తిని వెళ్లిపోయాడు.

సాక్ష్యాల్లో నాది ఎప్పుడూ చివరిది. 'దేవుడు క్షేమంగా నడిపించాడు' అని ముందే రాసి పెట్టుకున్నాను. ఏసేపన్న లేచాడు.

"ఈ యేడు నా పని పాయ. ఇంట్లో చెప్పల్యాక మూణ్ణెల్లు బస్టాండులో కూచున్యా."

"నీకు పని పోయేదేంది?" కృపమణక్క అందుకుంది. "బండలు ఎప్పుడు పరుస్తావని నిన్నగూడా రెండిండ్లోళ్లు వచ్చి కొట్లాడి పోయినారే!"

అందరూ నవ్వారు. నా కలం కదల్లేదు. చచ్చిపోయిన గేదె ఓబుళేశుదనీ, ఆపరేషను హంపమ్మకనీ నా మట్టిబుర్రకు అప్పుడు తట్టింది. నోరు తెరిచి అడగలేనివాళ్ల కష్టం తనదని చెప్పి, నవ్వులన్నీ తన మీద వేసుకుంటున్నాడీ మనిషి. సిగ్గుతో నా చెవులు మండిపోయాయి.

"మరి తీర్మానమేంది ఏసేపూ?" అని అయ్యగారు అడిగారు.

ఏసేపన్న తల గోక్కున్నాడు. "అదొక్కటి నాకు చాతకాదయ్యా. ఇంట్లో ఎవరికివాళ్లే చెప్పుకోవాల."

నేను లేచాను.

"అయ్యగారూ, పని పోయింది నాకు. బస్టాండులో కూర్చుంటున్నది నేను" అన్నాను. నిస్సీ వైపు చూసే ధైర్యం లేకపోయింది.

"అది నీదా?" ఏసేపన్న నోరు తెరిచాడు. "నాదనుకున్యా అప్పా! శానా తికమకగా ఉండాది ఈ యేడు. అయితే రేపట్నుంచి నా ఎంబడి రా. కొలతలు రాసే మనిషి లేక సస్తాండా."

నిస్సీ కళ్లు తుడుచుకుంది. "ముందే చెప్పింటే ఏమాయ? దినామూ ఆ క్యారియరు కడిగే పనన్నా తప్పేది" అంది.

ఇక ఏసేపన్న పేరు పక్కన ఏం రాయాలి? అడిగితే ఈసారి ఆయన నిజంగానే ఆలోచనలో పడ్డాడు. చివరికి ఆడవాళ్ల వైపు తిరిగాడు.

"కృపా, ఈ యేడు మనకేం జరిగింది?"

"నీకు మోకాళ్ల నొప్పులు ఎక్కువాయ, వాళ్లిండ్లకూ వీళ్లిండ్లకూ తిరిగి తిరిగి."

అదే రాసుకున్నాను. నేను ఈ పుస్తకం రాస్తున్న పన్నెండేళ్లలో ఏసేపన్న పేరు పక్కన ఆయనకే జరిగిన సంగతి రాయడం అదే మొదటిసారి.