మావాడి ఫోటోలు కన్వర్ట్ చేయాలంట!

నిరుడు పోయిన మా అబ్బాయి శీను ఫోటోలు ఒక పాత సీడీలో ఉండిపోయాయి. అవి ఎక్కడా తెరుచుకోవడం లేదని, ఈ రోజు రేపల్లె నుంచి తెనాలి ఫోటో స్టూడియోకి పట్టుకెళ్లాను. అక్కడి అమ్మాయి చూసి, "ఇవి పాత రకం పిన్నిగారూ, అన్నీ కన్వర్ట్ చేయాలండి" అంది.

"అదేంటమ్మా! మావాడు ఏటా ఆంజనేయస్వామి మాల వేసుకునేవాడు. పోయినోడికి ఇప్పుడు మతం మార్చడమేంటి?" అన్నాను.

ఆ అమ్మాయి పగలబడి నవ్వింది. "మతం కాదండీ, ఫైలు రకం మారుస్తాం. మీ అబ్బాయి మీ అబ్బాయిలాగే ఉంటాడు."

మొదటి ఫోటో తెరుచుకుంది. నా కొత్త పట్టుచీర చుట్టుకుని, అచ్చం నాలాగే మూతి తిప్పుతున్నాడు శీను!

"చీర నలుగుద్దిరా వెధవా!" అని అందరి ముందూ అరిచేశాను. ఎన్నాళ్లయిందో వాణ్ణి తిట్టి. మీరైతే ఊరుకునేవారా, చెప్పండి.