ఈస్టర్ ఆయిల్

కొత్తపేట రైతుబజారు పక్క సందులో పండ్లు అమ్మే ఎలీశమ్మను ఎవరైనా "నీకు డ్రైవింగ్ ఎవరు నేర్పిన్రు?" అని అడిగితే, "పండ్ల మార్కెట్టు నేర్పింది" అంటుంది. అందులో అబద్ధమేమీ లేదు. మార్కెట్టు కొత్తపేటలో ఉన్నన్నాళ్ళూ ఆమె గంప నెత్తిన పెట్టుకుని నడిచి వెళ్ళి నడిచి వచ్చేది. అది కాస్తా బాటసింగారానికి తరలిపోయాక చిల్లర బేరగాళ్ళ నోట్లో మట్టి పడింది. వచ్చిన లాభం ట్రాలీ కిరాయికే సరిపోయేది. చాలామంది బేరం మానేసి ఇళ్ళలో పాచిపనికి కుదిరారు.

ఎలీశమ్మ మానలేదు. ఇంటి ముందు ఎండకు ఎండుతూ వానకు తడుస్తూ భర్త దేవానందం పాత వ్యాను పడి ఉండేది. ఒకరోజు దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "ఇది ఊకెనే నిలబడ్డదేందయ్యా? నాకు నేర్పు" అంది. అప్పటికి ఆమెకు నలభై దాటాయి.

దేవానందం చేతిలో స్టీరింగు పట్టుకునే పెళ్ళాం పిల్లల్ని సాకిన మనిషి. పెళ్ళి ట్రిప్పులు, తీర్థయాత్రల ట్రిప్పులు తెగ తిప్పాడు. ఓసారి శ్రీశైలం ఘాటు దిగుతూ వ్యానును రోడ్డు పక్క గోడకు కొట్టాడు. ఎవరికీ పెద్దగా దెబ్బలు తగల్లేదు గానీ, అందరూ "షుగర్ కదా, కండ్లు పోయినయ్" అన్నారు. అతనూ అదే నమ్మాడు. ఆ రోజుతో స్టీరింగుకు దండం పెట్టి, ఎల్బీనగర్‌లో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా చేరాడు. కళ్ళజోడు పెట్టుకుంటే బండి నడపొచ్చని కళ్ళ డాక్టరు చెబితే, జోడు పెట్టుకున్నాడు గానీ స్టీరింగు మాత్రం ముట్టలేదు.

భార్యకు మాత్రం నేర్పాడు. నేర్పిందానికన్నా తిట్టిందే ఎక్కువ. ఆమెకు లైసెన్సు వచ్చాక కూడా, ఎడమ సీట్లో కూర్చున్నప్పుడల్లా ప్రతి సిగ్నలు దగ్గరా అతని కుడికాలు కింద ఉన్న మ్యాటును గట్టిగా తొక్కేది. తొక్కీ తొక్కీ మ్యాటుకు అక్కడ చిల్లు పడింది. ఎలీశమ్మ నవ్వేది.

"అక్కడ బ్రేకు లేదయ్యా!"

ఇంతటి డ్రైవరుకూ బండి ఆరోగ్యం విషయంలో ఒకటే మతం. ఇంజన్ ఆయిల్. క్రిస్మస్‌కు ఇంటికి సున్నం, పిల్లలకు కొత్త బట్టలు, బండికి కొత్త ఆయిల్. ఈస్టర్‌కు మళ్ళీ ఆయిల్. వ్యాను కదలకుండా పడి ఉన్న కాలంలోనూ ఆ ఆనవాయితీ తప్పలేదు. మిగతావన్నీ అతని లెక్కలో సవతి పిల్లలు. రేడియేటరులో నీళ్ళు తగ్గితే బోరు నీళ్ళు పోయడం, బ్రేక్ ఆయిల్ తగ్గితే మరికొంత పోసి మూత పెట్టడం, అంతే. గేర్ ఆయిల్ అనేది ఒకటుందని గుర్తు చేసుకున్న పాపాన పోలేదు. ఎలీశమ్మ కూడా ఆ మతంలోనే నడిచింది.

ఈరమ్మ జామపండ్లు అమ్ముతుంది. అరుణమ్మది గుంటూరు వైపు, అరటిగెలల బేరం. ఇద్దరూ ఎలీశమ్మ వ్యానులోనే బాటసింగారం వెళ్ళి సరుకు తెచ్చుకుంటారు. డీజిలు, టైర్లు ఏవైనా ముగ్గురూ పంచుకుంటారు. ఆ వ్యాను ఆగితే మూడు ఇళ్ళలో పొయ్యి ఆగుతుంది.

ఎండలు ముదురుతున్న రోజులవి. ఒక పొద్దున పుచ్చకాయలతో వ్యాను నిండుగా ఉంది. హయత్‌నగర్ నుంచి వనస్థలిపురం దాకా ట్రాఫిక్ చీమల బారులా కదులుతోంది. ఎలీశమ్మ కాలు బ్రేకు మీదినుంచి లేవనే లేదు. ఎలాగో ఎల్బీనగర్ ఫ్లైఓవర్ ఎక్కి దిగుతుండగా ముందు బస్సు ఆగింది. ఆమె బ్రేకు తొక్కింది. పెడల్ మెత్తగా, బురదలో కాలు పెట్టినట్టు, అడుగుదాకా దిగిపోయింది. వ్యాను ఆగలేదు.

ఎలీశమ్మ అరవలేదు. గేరు కిందికి దించింది, హ్యాండ్ బ్రేకు గుంజింది. వ్యాను మూలుగుతూ వెళ్ళి బస్సు వెనక జానెడు దూరంలో నిలిచింది. ఒక పుచ్చకాయ దొర్లుకుంటూ వచ్చి ఈరమ్మ మడమకు తగిలింది.

"ఎలీశక్కా, ఏందే ఇది? పానం పోయినంత పనైంది!" అంది ఈరమ్మ.

"మీ ఏసయ్యే కాపాడాడు వదినా" అంది అరుణమ్మ, చెంపలు వేసుకుంటూ.

బండి పక్కకు తీసి ముగ్గురూ దిగి, మంచినీళ్ళు తాగి, చాలాసేపు కూర్చున్నారు. మళ్ళీ ఎక్కి ఎలీశమ్మ భయంభయంగా పెడల్ నొక్కి చూసింది. గట్టిగా ఉంది. ఏమీ జరగనట్టే ఉంది! ఆమెకు అసలు భయం అప్పుడు పుట్టింది.

ఇంటికొచ్చి చెబితే దేవానందం వ్యానెక్కకుండానే తీర్పు చెప్పాడు.

"నీ కాలు జారింటది. బ్రేకు పోతె పోతది గని, పోయి మళ్ళొస్తదా?"

"జారలే. నా కాలు నాకెర్క లేదా?"

"ఇంజన్ చూడు, ఎంత సాఫీగ నడుస్తుందో. ఈస్టర్‌కు ఆయిల్ మారుస్తం గద. పరేషాన్ గాకు, ప్రభువే చూసుకుంటడు."

ఎలీశమ్మకు ఒళ్ళు మండింది. "ప్రభువు అన్నీ చూస్తడు. బ్రేకు మాత్రం నేనే తొక్కాలె. నా ఎనక ఇద్దరు ఆడోళ్ళు కూసుంటరు. ఆళ్ళ పిల్లలకు నేనేం జవాబు చెప్పాలె?" అంది. ఈస్టర్ ఆయిల్ కోసం దాచిన డబ్బు కొంగున కట్టుకుంది. "నడువు, మెకానిక్ కాడికి."

మెకానిక్ లింగస్వామి షెడ్డు మూసారాంబాగ్ మెట్రో పిల్లర్ల వెనక సందులో ఉంది. అంత దూరమూ ఆమె వ్యానును నడక వేగంతో తీసుకెళ్ళింది. ఎడమ సీట్లో దేవానందం మూతి ముడుచుకుని కూర్చున్నాడు. కాలు మాత్రం మ్యాటును తొక్కుతూనే ఉంది.

లింగస్వామి బానెట్టెత్తి, కింద దూరి, వేళ్ళతో తడిమి, వాసన చూసి లేచాడు. "అక్కా, అన్నీ మార్చేటియే ఉన్నయ్. ఇంజన్ ఆయిల్, గేర్ ఆయిల్, రేడియేటర్ నీళ్ళు, బ్రేక్ ఆయిల్. అన్నీ ఒకేసారి చేసుకుంటె మంచిది."

"నా కాడ ఒక్కదానికే ఉన్నయ్ తమ్మీ. ఒక్కొక్కటి అడుగుత, జర ఉన్నదున్నట్టు చెప్పు. గిది ఇప్పుడు చెయ్యకపోతె ఏమైతది?"

లింగస్వామికి అలా అడిగే గిరాకీ ఎప్పుడూ దొరకలేదు కాబోలు, నవ్వి పనిలోకి దిగాడు. ముందు ఇంజన్‌లోంచి ఇనుప పుల్ల తీసి, తుడిచి, మళ్ళీ ముంచి చూపించాడు. ఆయిల్ గీత దాకా ఉంది, రంగు ఇంకా పూర్తిగా నల్లబడలేదు. "ఇది ఎండకాలం అయ్యేదాక నడుస్తది. బావనే ఆగలేక మారుస్తుండు" అన్నాడు. దేవానందం దగ్గాడు. గేర్ ఆయిల్ ఎక్కడా కారడం లేదు, వానలు పడేదాకా ఆగొచ్చు. రేడియేటరు మూత తీస్తే ఇటుకపొడి కలిపినట్టున్న నీళ్ళు కనిపించాయి. మూత అంచున తెల్లటి పొర పేరుకుంది.

"మా నీళ్ళ బిందెలకు పట్టేదే గిది" అంది ఎలీశమ్మ. బోరు నీళ్ళు బిందెల్ని ఏం చేస్తాయో కొత్తపేటలో ఏ ఆడదాన్నడిగినా చెబుతుంది. ఇన్నాళ్ళూ అవే నీళ్ళు బండి కడుపులో పోశాం కదా అని ఆమెకు సిగ్గేసింది.

"బోరు నీళ్ళు ఇయ్యాల్టి నుంచి బంద్. ఒచ్చే నెల కడిగి కూలెంట్ పోద్దాం. ఇంకా లేటు చేస్తె మాత్రం ఎండకు రోడ్డు మీద ఆవిరి కొట్టి నిలబెడ్తది" అన్నాడు లింగస్వామి. చివరికి బ్రేక్ ఆయిల్ డబ్బాలో వేలు ముంచి చూపించాడు. పొద్దుటినుంచి మరిగిన చాయ్ డికాషన్‌లా ఉంది. "గిది చెయ్యకపోతె ఏమైతదో నీకు ఫ్లైఓవర్ మీద తెలిసే ఉంటది."

"చూస్తివా? కాలు జారలే" అంది ఎలీశమ్మ భర్తతో.

"మరి మళ్ళెట్ల మంచిగైంది?" అన్నాడు దేవానందం, పట్టు వదలకుండా.

"గీ ఆయిల్ గాలిల తేమను గుంజుకుంటది బావా. మూత బిగిచ్చినా గుంజుకుంటది. నువ్వు పైనుంచి ఎంత పోసినా లోపల పాతది పాతదే. బ్రేకు ఊకె తొక్కితె చక్రాల కాడ వేడి పుట్టి, గా తేమ మరుగుతది. ఆవిరైతె పెడల్ కింద ఏముంటది? ఉత్త గాలే."

"ఉప్పు డబ్బా లెక్క" అంది ఎలీశమ్మ. "వానకాలం మూత పెట్టినా చెమ్మ గుంజుతది సూడు."

దేవానందం ఆ మాట విన్నట్టు లేదు. "చల్లారినంక మళ్ళ మామూలైతదా?" అన్నాడు.

"అయితది. గందుకే గీ తప్పు ఎవ్వలికీ దొరకదు."

"ముందు ఎంత గట్టిగ ఉండెనో అంత గట్టిగ?"

"అంత గట్టిగ."

అతను వంగి బ్రేక్ ఆయిల్ డబ్బాలోకి తొంగి చూశాడు.

ఎలీశమ్మ కొంగుముడి విప్పింది. "ఇగో తమ్మీ, మనిషిని చంపేది మొదలు. రోడ్డు మీద నిలబెట్టేది రెండోది. బండిని చంపేది మూడోది. బ్రేకు ఇప్పుడే చెయ్యి. రేడియేటర్ ఒచ్చే నెల, అటెన్క ఇంజన్, వానలు పడ్డంక గేరు. ఇంకేమన్న ఉన్నయా?"

"పవర్ స్టీరింగున్న బండ్లకైతె గా ఆయిల్ గూడ ఉంటది. నీ దానికి అదే లేదు."

"లేనిదానికి ఖర్చు లేదు. దేవునికి స్తోత్రం."

బ్రేక్ ఆయిల్ మార్చడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. ఒకరు డ్రైవర్ సీట్లో కూర్చుని పెడల్ తొక్కిపట్టాలి, ఇంకొకరు చక్రం దగ్గర చిన్న నిపుల్ విప్పి పాత ఆయిల్ వదలాలి. లింగస్వామి దగ్గర పనిచేసే మనిషి చుట్టాల పెళ్ళికి నల్లగొండ పోయాడు.

"బావా, నువ్వెక్కు" అన్నాడు లింగస్వామి.

దేవానందం ఎలీశమ్మ వైపు చూశాడు. "నువ్వే కూసో."

"నువ్వే ఎక్కు. బండి జాకీల మీదుంది, చక్రాలు గాల్లున్నయ్, యాడికి పోదు" అంది ఎలీశమ్మ. ఆ గొంతుకు ఎదురు చెప్పి బాగుపడినవాడు లేడని దేవానందానికి తెలుసు. ఘాటు నుంచి వచ్చాక మొదటిసారి డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు.

"తొక్కు... పట్టు... ఒదులు." వెనక ఎడమ చక్రం దగ్గరినుంచి లింగస్వామి కేకలేస్తున్నాడు. సన్న పైపులోంచి నల్లటి ఆయిల్ బుడగలతో సీసాలోకి దిగుతోంది. "తొక్కు... పట్టు... ఒదులు." ఒక్కో చక్రం అవుతున్న కొద్దీ సీసాలో రంగు తేలికపడింది. నాలుగో చక్రానికి కొత్త ఆయిలే, పచ్చగా తేటగా వచ్చింది. నిపుల్ బిగించి లింగస్వామి మరోసారి తొక్కమన్నాడు. పెడల్ పైనే, రాయిలా ఆగింది.

"అయిపోయింది. ఒదులు బావా."

దేవానందం వదల్లేదు. రెండు చేతులూ స్టీరింగు మీద ఉన్నాయి, కాలు పెడల్ మీద ఉంది, కళ్ళజోడు కింద చెంపలు తడిశాయి.

"ఘాటుల గిట్లనే పోయింది ఎలీశమ్మా" అన్నాడు. "మెత్తగ, కిందిదాక. క్రేను ఒచ్చేసరికి మళ్ళ గట్టిగ ఉండె. నేనే తొక్కి చూసిన. బ్రేకు మంచిగుంది, నా కండ్లే మంచిగ లేవనుకున్న."

ఆ రోజు "కండ్లు పోయినయ్" అన్నవాళ్ళలో ఎలీశమ్మ కూడా ఉంది. ఆ మాటతో మనిషిని డ్రైవర్ సీట్లోంచి దించి గేటు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టారు. అతని మీద జాలీ, తన మీద కోపమూ కలిసి ముంచుకొచ్చాయి. అయినా ఆమె ఏడుస్తూ కూర్చునే మనిషి కాదు.

"నీ కండ్ల సంగతి మనం చెప్పుడు కాదు. రేపు దవాఖానకు పోదాం. డాక్టర్ ఏమంటె అది" అంది.

డాక్టరు పాత మాటే చెప్పాడు. కళ్ళజోడు అద్దాలు మాత్రం మార్చాడు.

ఆ ఈస్టర్‌కు వ్యానులో క్రిస్మస్ ఆయిలే ఉంది. ఇంజన్‌కు తేడా తెలియలేదు. మర్నాడు పొద్దున, మార్కెట్టుకు బయలుదేరే వేళ ఎలీశమ్మ ఎడమవైపు వెళ్ళి కూర్చుంది. తాళం చెవి డ్రైవర్ సీటు మీద పెట్టింది. దేవానందం కాసేపు నిలబడి, షర్టు అంచుతో అద్దాలు తుడుచుకుని ఎక్కాడు. ఈరమ్మ, అరుణమ్మ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అన్నయ్యగారు నడుపుతారా?" అంది అరుణమ్మ నసుగుతూ.

"నడుపుతడు. భయమైతె బస్సుల రా, నీ అరటిగెలలు మేమే తెస్తం" అంది ఎలీశమ్మ. అరుణమ్మ గబగబా ఎక్కింది.

తిరిగి వచ్చేటప్పుడు వ్యాను నిండా పుచ్చకాయలూ అరటిగెలలూ. అదే ట్రాఫిక్, అదే ఎండ. ఎల్బీనగర్ ఫ్లైఓవర్ దిగుతుంటే ముందు పోతున్న ఆటో ఉన్నట్టుండి ఆగింది. దేవానందం తొక్కాడు. వ్యాను ఒద్దికగా, ముక్కు కాస్త వంచి నిలబడింది. వెనక ఒక్క కాయ కూడా దొర్లలేదు.

దేవానందం పక్కకు చూశాడు. ఎలీశమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది. ఆమె కుడికాలు మ్యాటు చిల్లులో, బలంకొద్దీ నొక్కి ఉంది.

"అక్కడ బ్రేకు లేదే" అన్నాడు. "నా కాడుంది."

ఎలీశమ్మ కళ్ళు తెరిచి కాలు తీసింది.